ఒక్క స్క్రూ హక్కు

ఫైర్ హాల్ తలుపు తోసుకుని లోపలికి రాగానే ఆర్విల్ క్రెబ్స్ ముందు అద్దాల బీరువా వైపు చూశాడు. ఎప్పుడూ అంతే. కోటు విప్పడం, కాఫీ పోసుకోవడం, నలుగురినీ పలకరించడం అన్నీ ఆ తర్వాతే. పదకొండేళ్ళుగా ఆ బీరువాలో ఉన్నది అతని తుపాకీ. వియత్నాంలో మా స్లేట్ హిల్ ఊరి కుర్రాళ్ళు మోసిన తుపాకీకి అచ్చుగుద్దిన నకలు. ఒక్కొక్క ముక్కా ఎక్కడెక్కడినుంచో ఏరి తెచ్చి కూర్చాడు. కింద ఇత్తడి రేకు మీద అతని పేరు చెక్కి ఉంటుంది. వారానికోసారి ఆ రేకును జేబురుమాలుతో తుడిచేవాడు, ఎవరూ చూడటం లేదనుకుని. అందరం చూసేవాళ్ళం.

అంత తుపాకీలోనూ ఒకే ఒక్క లోటు. భుజానికి ఆనించే వెనక భాగం, తుపాకీ మడమ, కొత్తది. అరవైల నాటి అసలు మడమ కోసం ఆర్విల్ తిరగని సంత లేదు. ఒహాయో వెళ్ళాడు, కెంటకీ వెళ్ళాడు, వర్జీనియాలో ఒకడి గోదాములో రెండు రోజులు దుమ్ము పీల్చాడు. దొరకలేదు. సైన్యం నాటి అసలు ఒళ్ళు, అంటే ముక్కలన్నీ బిగించే నడిమి భాగం, ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు గనక అది ఎవరిదైనా కొత్తదే అయి ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మిగతా ముక్కల్లో ఒక్కటి కొత్తదున్నా మచ్చే. అన్నీ పాతవే ఉన్న తుపాకీ ఎవరైనా తెచ్చిన రోజున ఆర్విల్ తుపాకీ బీరువా దిగాలి. అదీ మా పాత తుపాకీల క్లబ్బు కట్టుబాటు.

ఆ రోజు ఎమెట్ డూగన్ అలాంటి తుపాకీ తెస్తున్నాడని నెల రోజులుగా ఊరంతా చెప్పుకుంటోంది. ఎమెట్! స్కూలు బస్సు నడుపుకుని రిటైరైన ఎమెట్! స్క్రూడ్రైవర్ ఏ కొసన పట్టుకోవాలో తెలియని ఎమెట్! తలుచుకున్నప్పుడల్లా ఆర్విల్‌కి కడుపు రగిలిపోయేది.

నిజం చెప్పుకోవాలంటే ఆ మంట ఈనాటిది కాదు. ఆర్విల్, ఎమెట్, స్టాష్ ముగ్గురూ ఒకే వీధి పిల్లలు. అరవై ఏడులో ముగ్గురికీ సైన్యంనుంచి పిలుపులు వచ్చాయి. ఆర్విల్ పాదాలు చదునుగా ఉన్నాయని డాక్టరు వెనక్కి పంపేశాడు. ఎమెట్, స్టాష్ వెళ్ళారు, తిరిగొచ్చారు. తిరిగొచ్చాక ఇద్దరూ మాట్లాడకుండా గంటసేపు వరండాలో కూర్చోగలిగేవాళ్ళు. మూడో కుర్చీలో ఆర్విల్ ఉండేవాడు, ఉన్నా లేనట్టే. వాళ్ళు మోసిన తుపాకీ గురించి వాళ్ళకంటే ఎక్కువ నేర్చుకోవాలని అప్పుడే పంతం పట్టాడు. నేర్చుకున్నాడు కూడా. ఏ ముక్క చేతిలో పెట్టినా అది ఏ ఫ్యాక్టరీలో ఏ ఏడు పుట్టిందో చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళుగా క్లబ్బులో తుపాకీలు చదివే, అంటే ఏ ముక్క పాతదో ఏది కొత్తదో తేల్చే, స్టూలు అతనిదే.

కిందటి శీతాకాలంలో స్టాష్ గుండె ఆగి పోయాడు. అతని అలమరలోని పాత ముక్కలన్నీ భార్య బెర్నడైన్ ఎమెట్ ఇంటికి పంపించింది. ఆర్విల్‌కి ఒక్క స్క్రూ కూడా రాలేదు. అంత్యక్రియల భోజనంలో ఎవరో ఆ సంగతి చెప్పినప్పుడు అతను కొరికిన బంగాళాదుంప పిరోగీని తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు.

"ఏరా, మొహం అలా పెట్టావు? రాత్రి నిద్ర లేదా?" ఎమెట్ వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. రెండో చేతిలో పాత సైనిక దుప్పటిలో చుట్టిన పొడుగాటి మూట.

"నాకేం, మొద్దులా పడుకున్నాను. నీకే పట్టి ఉండదు."

"నిజమేరా. పెళ్ళినాడు కూడా ఇంత భయం వెయ్యలేదు."

"పెళ్ళినాడు నువ్వు తాగి ఉన్నావు."

ఎమెట్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆర్విల్‌కి ఇంకా ఒళ్ళు మండింది. వీడికి ఏదీ అంటదు, ఏదీ పట్టదు. అన్నీ మాత్రం వీడి ఒళ్ళోకే వచ్చి పడతాయి.

క్లబ్బు కార్యదర్శి డెల్మర్ ఖాతా పుస్తకం చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. సౌమ్యుడు, ఎవరినీ నొప్పించలేని మనిషి. "ఆర్విల్, ఏమీ అనుకోకు. ఈసారి తుపాకీ వేరే ఎవరైనా చదివితే బాగుంటుందేమో. బీరువాలో ఉన్నది నీదే కదా."

"ఏం, నేను మోసం చేస్తాననా?"

"అబ్బే, ఆ మాట ఎవరన్నారు?"

"డెల్మర్, వాడే చదవాలి," అన్నాడు ఎమెట్, మూట బల్ల మీద పెడుతూ. "వాడు కాకపోతే ఈ దుప్పటి విప్పను. ఇంకెవడు పాతదన్నా నాకు నమ్మకం లేదు."

ఆర్విల్ చొక్కా చేతులు మడిచాడు. పొగిడినందుకు లోలోపల పొంగిపోయాడు, పొంగినందుకు తనమీద తనే విసుక్కున్నాడు.

తూర్పు కిటికీ పక్కన స్టూలు వేశారు. చదివేవాడు కిటికీ వెలుతురులోనే చూడాలి. భూతద్దం పనికిరాదు, పనిముట్టు పట్టుకోకూడదు. కళ్ళు, బొటనవేళ్ళు, అంతే. తుపాకీ సొంతదారు ఏ ముక్క ఎక్కడిదో ముందే కాగితం మీద రాసి పాత కాఫీ డబ్బాలో వేసి మూత పెడతాడు. చదవడం పూర్తయ్యేదాకా టోపీ తీసి నోరు మూసుకుని నిలబడాలి. ఎమెట్ నిలబడ్డాడు. ముప్పై మంది దాకా చుట్టూ చేరారు. హామ్ శాండ్‌విచ్‌లు వడ్డించే బల్ల దగ్గరనుంచి బెర్నడైన్ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

తుపాకీ ఖాళీదని డెల్మర్ అందరికీ చూపించి ఆర్విల్ ఒళ్ళో పెట్టాడు.

చేతిలో పడగానే ఆర్విల్‌కి తెలిసిపోయింది. బాగుంది. చచ్చేంత బాగుంది. ముక్కకి ముక్క అతికించినట్టు లేదు, ఒకే మనిషి మోసి మోసి అరగదీసినట్టు ఉంది. తన తుపాకీని ఎంత తుడిచినా రాని కళ దీనికి ఊరికే వచ్చేసింది. బొటనవేలు గొట్టం మీద నడిపాడు.

"గొట్టం. కనెక్టికట్ ఫ్యాక్టరీది. అరవై ఆరు చివర, లేదా అరవై ఏడు మొదలు. పాతది."

డెల్మర్ రాసుకున్నాడు.

"గొట్టం కొసన మూడు ముళ్ళ తొడుగు. అదీ కనెక్టికట్‌దే, పాతది. ఒక ముల్లు వంగితే సరిచేశారు. ఎవడో రేషన్ పెట్టెల తీగ దీంతో మెలిపెట్టి తెంచి ఉంటాడు."

మాట్లాడకూడదు గనక ఎమెట్ మాట్లాడలేదు గానీ, ఆ తీగ మెలిపెట్టినట్టు చేత్తో అభినయించి చూపించాడు. అందరూ నవ్వారు. ఆర్విల్ నవ్వలేదు. ఆ తీగ సంగతి తను పుస్తకంలో చదివాడు. వీడు తెంచాడు. తేడా అదే, ఏభై ఏళ్ళుగా అదే.

"చేతికింది తొడుగులు. రెండూ పాతవే గానీ కవలలు కావు. కుడిది కనెక్టికట్, ఎడమది మిషిగన్‌లో కార్లు చేసే ఫ్యాక్టరీది. లోపలి రేకు వంపు చూడు, తెలుస్తుంది. గురి చూసే చక్రం ఇజ్రాయెల్ వెళ్ళి తిరిగొచ్చింది, పైన వాళ్ళ నల్లరంగు గీకినా సందుల్లో మిగిలింది. పాతది. పిడి..." అని ఆగి, అడుగున గోటితో తడిమి చూశాడు. "పిడి కొరియాది. నన్ను బోల్తా కొట్టిద్దామని పెట్టావు. డెబ్బైల నాటిది, పాతదే."

గుంపులో ఎవరో ఈల వేశారు. "ముసలాడి వేళ్ళకి కళ్ళున్నాయి!" అన్నారు. ఆర్విల్‌కి ఒక్క క్షణం అంతా మరిచిపోయినంత హాయి కలిగింది. లోపల జారే ఉక్కు దిమ్మ తీసి వెలుతురుకి పెట్టాడు. వెండి పూత అక్కడక్కడా పసుపు తిరిగింది. అదీ అసలుదే. అన్నీ అసలువే. ఇంక మడమ ఒక్కటే మిగిలింది.

మడమ చేతిలోకి తీసుకున్నాడు. గోధుమరంగు కలిసిన ఆ ఆకుపచ్చ, రంగు లేచిన చోట బయటపడ్డ ఆ నార అల్లిక, వెనక సామాన్ల అర లేకపోవడం... ఇరవై ఏళ్ళు వెతికింది ఇదే. అరవై అయిదు నాటిది. కళ్ళు మూసుకుని చెప్పగలడు.

కింది అంచు దగ్గర బొటనవేలు ఆగింది. అక్కడ ఒకప్పుడు పగులు ఉంది. ఎవరో జిగురు పోసి, అరగదీసి, రంగు కలిపారు. కంటికి కనిపించదు. వేలికి కూడా వెంట్రుకవాసి తేడా తప్ప తెలియదు. ఆర్విల్ నలభై ఏళ్ళు కార్ల ఒళ్ళు బాగుచేసే షెడ్డు నడిపాడు. మంచి అతుకంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంత మంచి అతుకు ఈ జిల్లాలో ఎవడు వేశాడు? ఈరీ పట్టణంలో రస్క్ అని ఒకడున్నాడు, ఈమధ్య అందరూ వాడి దగ్గరికే పరుగెత్తుతున్నారు. ఆర్విల్ చేతులు వణకడం మొదలుపెట్టాక మరీ ఎక్కువైంది. వాడే అయి ఉంటాడు. ఎమెట్ తన గుమ్మం దాటుకుని తొంభై మైళ్ళు పోయి ఆ రస్క్ గాడి చేత పని చేయించుకున్నాడన్నమాట! స్టాష్ సరుకు వీడికి, రస్క్ పనితనం వీడికి, రేపు అద్దాల బీరువా కూడా వీడికే. మరి నాకేం మిగిలిందిరా?

అతుకు ఉంటే తప్పు లేదు. అది మా కట్టుబాటులోనే ఉంది, ముక్క పాతదైతే చాలు. ఆర్విల్‌కి ఆ సంగతి బాగా తెలుసు, రాసింది అతనే.

"మడమ," అన్నాడు. దాన్ని ఒళ్ళోకి దించాడు. "మడమ కొత్తది. ఈమధ్య అచ్చు పోసి, పాతదాన్లా రంగేశారు."

డెల్మర్ కలం కాగితం మీద ఆగిపోయింది. ఎమెట్ మొహంలో ఆ నవ్వు ఇంకా ఉంది గానీ, దాని వెనక మనిషి లేడు. బెర్నడైన్ ఒక అడుగు ముందుకేసింది.

ఆర్విల్ ఎవరి వైపూ చూడలేదు. బీరువా వైపు చూశాడు. అది అలాగే ఉంటుంది. రేకూ అలాగే ఉంటుంది. అనుకున్నంత సంతోషం మాత్రం రాలేదు.

"సరే," అన్నాడు ఎమెట్ నెమ్మదిగా. "ఒక్క స్క్రూ అడుగుతున్నాను."

అదీ మా కట్టుబాటే. చదివేవాడు కొత్తదన్న ముక్కకి సొంతదారు ఒకే ఒక్క స్క్రూ విప్పించవచ్చు. విప్పవలసింది చదివేవాడే. లోపల కనబడింది ఉన్నదున్నట్టు పైకి చెప్పవలసిందీ అతనే. ఎప్పుడో తొలి రోజుల్లో పెట్టుకున్న నియమం, పదేళ్ళుగా ఎవరూ అడగలేదు. ఆర్విల్ చదివాక అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

"నా మాట మీద నమ్మకం లేదట్రా?"

"ఉంది కాబట్టే అడుగుతున్నా. విప్పు."

డెల్మర్ స్క్రూడ్రైవర్ అందించాడు. మడమ చివర రబ్బరు పలక, దానికొక స్క్రూ. ఆర్విల్ చెయ్యి వణికింది. కొస గాడిలో కూర్చోలేదు, జారింది, మళ్ళీ జారింది. ఎవరూ సాయం రాలేదు, రాకూడదు కూడా. వెధవ చెయ్యి, అనుకున్నాడు. మొత్తానికి స్క్రూ తిరిగింది. పలక ఊడి ఒళ్ళో పడింది. మడమ చివరి అంచు కిటికీ వైపు తిప్పాడు.

అంచు మీద మేకుతో గీసిన చిన్న చేప. చేప పక్కన తొంభై ఒకటి.

షెడ్డులో బాగుచేసిన ప్రతి కారు తలుపు లోపల, ఎవరికీ కనబడని చోట, ఆర్విల్ ఆ చేప గీసేవాడు. పడవ పని నేర్పిన మామయ్యనుంచి వచ్చిన అలవాటు. ఊళ్ళో ఆ గుర్తు తెలియనివాడు లేడు.

గుర్తొచ్చింది. స్టాష్ వంటింట్లో బల్ల మీద పాత పేపర్లు పరుచుకుని తనే వేశాడు ఈ అతుకు. వేట సీజను, బయట వాన. బెర్నడైన్ జిగురు కంపుకి కిటికీ తెరిచి తిట్టింది. అప్పట్లో ఇలాంటి మడమలు చెత్తబుట్టల్లో దొరికేవి, ఎవడికీ విలువ తెలియదు. స్టాష్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "పగులు ఎక్కడుందిరా, నువ్వే చూపించు," అని అడిగాడు. ఇంతసేపూ తను రస్క్ అనుకుని తిట్టుకున్నది తననే.

చేప ఆర్విల్ కళ్ళకి తప్ప ఇంకెవరికీ కనబడటం లేదు. పలక మళ్ళీ బిగించేస్తే?

"ఏముంది ఆర్విల్?" డెల్మర్ అడిగాడు.

అతను బల్ల వైపు చూశాడు. కాఫీ డబ్బా బల్ల మీద ఉంది. అందులో కాగితం ఉంది. అందులో ఏం రాసి ఉంటుందో ఇప్పుడు చూడక్కర్లేదు.

ఎమెట్ టోపీ నలుపుతూ అందుకున్నాడు. "నీ చేపేరా అందులో ఉన్నది. ముప్పై ఏళ్ళ కిందటి మాట, ఎవడికి గుర్తుంటుంది? పైగా ఈ దిక్కుమాలిన కిటికీ, వెలుతురెక్కడ ఏడ్చింది? నేనైతే తుపాకీనే గుర్తుపట్టేవాణ్ణి కాదు."

ఒక్కసారిగా అందరికీ ఊపిరి వచ్చింది. "సొంత అతుకునే పట్టుకోలేకపోయావా ఆర్విల్!" అని ఎవరో నవ్వారు. "కళ్ళద్దాలు మార్చవయ్యా!" అన్నారింకొకరు. ఎగతాళి కాదు, ప్రేమే. డెల్మర్ అయితే పుస్తకంలో కొత్తది అన్న మాట కొట్టేయడానికి కలం కూడా ఎత్తాడు. అంతా సర్దుకుపోయేట్టే ఉంది. ముసలాడి చూపు మందగించింది పాపం, అంతే.

"స్టాష్ దీన్ని నీకే ఇద్దామనుకున్నాడు," అంది బెర్నడైన్. ఆమె మాత్రం నవ్వడం లేదు. "తొంభై ఎనిమిదిలో పేపర్లో చుట్టి నీ షెడ్డుకి పట్టుకొచ్చాడు. నీకు జ్ఞాపకముందో లేదో."

"నాకా?"

"అతుకు వేసిందని స్టాష్ చెప్పగానే, విప్పకు, అతుకుల సరుకు నా తుపాకీ మీద పెట్టను అన్నావు. పేపరు కూడా విప్పనివ్వలేదు. ఎవరు వేసిన అతుకో చెబుదామనుకుని, చెప్పకుండా తిరిగొచ్చేశాడు. చాలా బాధపడ్డాడు ఆర్విల్. ఎమెట్ ఏనాడూ నన్ను ఒక్కటీ అడగలేదు. అన్నీ అతనికి ఇచ్చేయమని స్టాషే చెప్పాడు."

ఆర్విల్‌కి అదీ గుర్తొచ్చింది. షెడ్డు గుమ్మంలో స్టాష్, చంకలో పేపరు చుట్ట, మొహంలో ఏదో ఆటపట్టించబోయే నవ్వు. తను తల కూడా సరిగ్గా ఎత్తలేదు.

ఇప్పుడు ఊరుకుంటే చాలు. చూపు పోయిందనుకుంటారు. జాలిపడి కుర్చీ జరుపుతారు, మెట్లు దిగేటప్పుడు మోచెయ్యి పట్టుకుంటారు. మోసగాడని మాత్రం ఎవరూ అనరు. ఎమెట్ ఆ దారి తనకోసమే తెరిచిపెట్టాడు, నవ్వుతూ. ఆ నవ్వు దానం పుచ్చుకుని బతకాలా? ఆర్విల్‌కి ఒళ్ళంతా భగ్గుమంది. సిగ్గుతోనో, కోపంతోనో, ఈర్ష్యతోనో అతనికే తెలియదు. బహుశా మూడూనేమో.

"నా కళ్ళకేం రోగం రాలేదు," అన్నాడు గట్టిగా.

నవ్వులు ఆగిపోయాయి.

"చేప సంగతి మరిచిపోయాను, అది నిజం. అతుకు నాదని తెలియలేదు. పాతదని మాత్రం తెలుసు. చేతిలోకి తీసుకోగానే తెలిసింది. తెలిసే కొత్తదన్నాను." రబ్బరు పలక బల్ల మీద పెట్టాడు. "నా తుపాకీ దిగిపోతుందని అన్నాను. వీడిది ఎక్కుతుందని అన్నాను. కడుపుమంటతో అన్నాను, చాలా?"

డెల్మర్ నేల చూపులు చూస్తున్నాడు.

"నాకు తెలుసురా," అన్నాడు ఎమెట్. "నీ బొటనవేలు ఆగింది. కొత్తదాని మీద నీ వేలు ఎప్పుడూ ఆగదు."

"తెలిసి మరి ఆ కిటికీ కథలెందుకు చెప్పావు?"

"ఇంకేం చెప్పను? నీ బుద్ధి ఇదని అందరికీ అరిచి చెప్పనా?" మొదటిసారి ఎమెట్ గొంతులో కోపం వినబడింది. "నీ బుద్ధి తెలిసే నీ ఒళ్ళో పెట్టాను. నీ చేప ఉన్న మడమను నీ చేతే పాతదనిపించాలని ఏడాదిపాటు మిగతా ముక్కలు ఏరాను. నీ కోసం కాకపోతే నాకెందుకీ తద్దినం? అది మోసిన కాలంలోనే దాన్ని చూస్తే అసహ్యం నాకు." చేతిలోని టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. "చదవడం పూర్తి కాలేదు. సరిగ్గా చదువు."

ఆర్విల్ మడమను మళ్ళీ వెలుతురుకి ఎత్తాడు. ఏనాడూ ఏ ముక్కకీ పట్టనంత సేపు పట్టింది.

"మడమ. కనెక్టికట్. అరవై అయిదు. పాతది," అన్నాడు. "కింది అంచున పగులు. తొంభై ఒకటిలో బాగుచేశారు."

"ఎవరు?" డెల్మర్ రాస్తూ అడిగాడు. ప్రతి అతుక్కీ అడిగే ప్రశ్నే.

"ఆర్విల్ క్రెబ్స్."

అంతా అయ్యాక బీరువా తాళం తీసి తన తుపాకీ తనే దించాడు. ఇత్తడి రేకు స్క్రూలు మాత్రం అతని చేతికి లొంగలేదు, డెల్మర్ విప్పాడు. ఎమెట్ తుపాకీ లోపలికి ఎక్కింది. చదివే స్టూలు ఆర్విల్ తనే మోసుకెళ్ళి గోడకి ఆనించి వచ్చాడు. వద్దని ఎవరూ అనలేదు. ఎమెట్ కూడా అనలేదు, అంటాడని ఆర్విల్ కాస్త ఆశపడ్డాడు. బెర్నడైన్ మాత్రం ఒక శాండ్‌విచ్ కాగితంలో చుట్టి అతని కోటు జేబులో కుక్కి వంటబల్ల వైపు వెళ్ళిపోయింది.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఆర్విల్ బీరువా ముందు ఒక్కడే మిగిలాడు. అద్దంలోంచి మడమ కింది అంచు కనబడుతోంది. ఎంత వెతికినా ఆ పగులు ఎక్కడుందో అతనికే కనబడలేదు. కుడిచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. వణుకుతోంది, ఎడమచేత్తో పట్టుకున్నా ఆగడం లేదు. ఎమెట్ మీది మంట ఎప్పుడు చల్లారిందో గమనించలేదు. ఆ వానరోజు స్టాష్ వంటింట్లో కూర్చుని, ఒక్కసారైనా వణకకుండా ఆ అతుకు వేసిన నలభై నాలుగేళ్ళ ఆర్విల్ ఎవడో, వాడి మీద మాత్రం ఏడుపు వచ్చేంత ఈర్ష్య కలిగింది.